తుపాను కబురు ముందే వచ్చింది, వడ్లు ఎందుకు తడిసినయి?

(2023 డిసెంబర్ చివరి వారంలో వరంగల్‌లో జరిగిన సంఘం సభ్యుల సమావేశంలో ఒక రైతు చేసిన ప్రసంగ పాఠం)



నేను సభల్లో మాట్లాడే మనిషిని కాను. ఈ నెల మొదటి వారమంతా నేను బాపట్లలో ఉన్నానని తెలిసి, తుపాను ఎట్ల వచ్చిందో, అక్కడి రైతు ఏం చేశాడో చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. చూసింది చూసినట్టు చెప్తాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది, అది కూడా చెప్తాను.

బాపట్ల మనకు దూరపు ఊరు కాదు. గాలి దారిన లెక్కేస్తే వరంగల్‌కు సుమారు 250 కిలోమీటర్లు. సముద్రం చూడని వాళ్లకు కూడా ఆ ఊరి పేరు తెలుసు. మనం బీపీటీ అని వేసే 5204 సాంబమసూరి పుట్టింది అక్కడే. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉన్న ఊరది. 1986లో విడుదలైన ఆ విత్తనం ఇప్పటికీ మన మళ్లల్లో ఉన్నది. నా బిడ్డనిచ్చింది కూడా ఆ ఊరికే. అల్లుడు పట్నంలో ఉంటూ, దగ్గరి పల్లెలో అయిదెకరాలు కౌలుకు చేస్తాడు. వేసింది బీపీటీనే.

నవంబర్ 30న ఇక్కడ ఓటేసి రాత్రి రైలెక్కాను. డిసెంబర్ 1, శుక్రవారం పొద్దున బాపట్లలో దిగితే మంచి ఎండ. చలి లేదు. కార్తీక మాసం కదా, సూర్యలంకలో సముద్ర స్నానాలకు పోయే జనం ఆటోల నిండా ఉన్నారు. ఆ ఎండ చూస్తే తుపాను వస్తుందని ఎవరూ అనుకోరు. కానీ అప్పటికే అది బయలుదేరింది. నవంబర్ 27న అండమాన్ దిక్కు అల్పపీడనం పుట్టింది. నేను దిగిన రోజే అది వాయుగుండమైంది. శనివారం తీవ్ర వాయుగుండం, ఆదివారం తుపాను, సోమవారం తీవ్ర తుపాను. మంగళవారం తీరం తాకింది. పుట్టిన నాటి నుంచి తీరం దాకా ఎనిమిది రోజులు. పేపర్లలో కొందరు మిచాంగ్ అని, కొందరు మిగ్‌జాం అని రాశారు. పేరు పెట్టింది మయన్మార్ వాళ్లు.

శనివారం పొద్దున అల్లుడు నన్ను పొలానికి తీసుకుపోయాడు. రెండెకరాలు బాగా పండింది. మూడెకరాలు ఆలస్యంగా నాటింది, కంకి కింది గింజలు ఇంకా పచ్చిగున్నాయి. ఊరంతా హార్వెస్టర్ల కోసం తిరుగుతున్నది. ఒక మిషన్‌కు ఎకరం కొయ్యాలంటే గంటైనా పడుతుంది. తడి మడైతే చైను మిషన్ కావాలి, ఇంకా ఆలస్యం. ఊళ్లో రెండే మిషన్లు. గంట కిరాయి పొద్దున ఒకటి, సాయంత్రానికి ఒకటి. "మామయ్యగారూ, మొత్తం కోయించేద్దామా?" అని అడిగాడు. నేను పైకి చూశాను. మబ్బు కూడా సరిగ్గా లేదు. "పచ్చి వడ్లు కోస్తే తాలు పోతది, మ్యాచర్ రాదు, కిరాయి చూస్తే రెట్టింపు అంటున్నరు. పండిన రెండెకరాలు కొయ్యి, మిగిలింది నాలుగు రోజులాగి చూద్దాం" అన్నాను. నలభై ఏళ్లు సేద్యం చేసిన మామ చెప్పాడు కదా అని విన్నాడు.

ఆదివారం 3వ తారీఖు. మన ఓట్ల లెక్కింపు. పొద్దున నుంచి టీవీ ముందే కూర్చున్నాను. ఎవరికెన్ని సీట్లో పైన చూపిస్తున్నారు, తుపాను ఎంత దూరంలో ఉందో కింద అక్షరాల్లో నడుస్తున్నది. నా కళ్లన్నీ పైనే ఉన్నాయి. సాయంత్రానికి గాలి మారింది. సోమవారం పొద్దుటికి వాన. అదే రోజు చెన్నై మునిగింది. ఈ తుపాను నేరుగా ఒడ్డెక్కి పోలేదు. నెల్లూరు నుంచి తీరాన్ని ఆనుకొని నెమ్మదిగా పైకి జరిగింది. అందుకే ఒక్క చోట కాదు, తీరం పొడుగునా వాన కుమ్మరించింది.

కోసిన రెండెకరాల వడ్లు రోడ్డు పక్కన కుప్ప పోసి ఉన్నాయి. వాటి మీద కప్పడానికి బరకాలు కావాలి. మనం పర్దాలంటాం, వాళ్లు బరకాలంటారు. సోమవారం బజారంతా తిరిగితే రెండు దొరికాయి, అవీ చిన్నవి. నా బిడ్డ ఇంట్లోని దుప్పట్లు, పాత ఫ్లెక్సీలు తెచ్చి కప్పింది.

మంగళవారం, 5వ తారీఖు మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర మధ్య బాపట్లకు దక్షిణాన తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. కిటికీ తలుపులు తాళ్లతో కట్టుకొని కూర్చున్నాం. కరెంటు లేదు, ఫోన్ ఒకసారి పనిచేస్తే రెండుసార్లు పని చెయ్యదు. చెట్టు కూలిన చప్పుడు వినపడ్డప్పుడల్లా అల్లుడు లేచి నిలబడేవాడు. ఎటూ పోయేది లేదని మళ్లీ కూర్చునేవాడు. ఆ మూడెకరాల మాట నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

బుధవారం పోయి చూశాం. బీపీటీ కాండం గట్టిది కాదని మీకు తెలుసు. మూడెకరాలూ చాప పరిచినట్టు పడిపోయింది, కంకులు నీళ్లల్లో ఉన్నాయి. నీళ్లు పోవడానికి దారి లేదు. ఆ ప్రాంతమంతా నల్లమడ లాంటి డ్రెయిన్ల మీద ఆధారం. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క, తూటికాడ నిండి ఉంటే పొలం నీళ్లు ఎటు పోతాయి? అక్కడ వరి కోతకు రెండు మూడు రోజుల ముందే నిలిచిన పైరులో మినుములు చల్లుతారు. ఆ విత్తనం కూడా కుళ్లిపోయింది. అంటే ఒక్క వానకు రెండు పంటలు పోయాయి. గురువారం ఎండ కాసింది. సముద్రం ఏమీ ఎరగనట్టు ఉన్నది.

పడిపోయిన పంటలో కొంత దక్కింది. అక్కడి వ్యవసాయాధికారులు చెప్పినట్టు, లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి నీళ్లు తీసిన చోటల్లా కంకుల మీద కొట్టాం. ఉప్పు నీళ్లు పడితే గింజ తొందరగా మొలకెత్తదు. తడిసిన కుప్పకైతే క్వింటాలుకు కిలో ఉప్పు, ఇరవై కిలోల పొడి ఊక కలిపి పెట్టమన్నారు. ఈ రెండు లెక్కలూ రాసుకోండి. చిన్న పని, ఖర్చు తక్కువ.

ఇప్పుడు మన ఊరి సంగతి. అదే మంగళవారం మా అబ్బాయి ఫోన్ చేశాడు. మా వడ్లు కొనుగోలు సెంటర్లో పోసి తొమ్మిది రోజులు. మ్యాచర్ 17 లోపు వచ్చి నాలుగు రోజులు. మొదట సంచులు లేవన్నారు, సంచులొచ్చినంక లారీ లేదన్నారు. తుపాను తీరం దాటి బలం తగ్గి ఖమ్మం, కొత్తగూడెం, ములుగు దిక్కు వచ్చింది. అక్కడ భారీ వానలు పడ్డాయి, మాకు ముసురు పట్టింది. పైన పర్దా కప్పినా కింద నుంచి నీళ్లు పోయాయి. మళ్లీ ఆరు రోజులు ఆరబోత. చేన్లో విచ్చిన పత్తి తడిసింది. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర కోత మొదలు, 12 దాటితే సీసీఐ తీసుకోనే తీసుకోదు. తడిసిన పత్తి తీసుకొని ఎనుమాముల మార్కెట్‌కు పోయినోళ్లకు ఏం జరిగిందో ఇక్కడున్న వాళ్లే చెప్తారు.

నేను ఆలోచించింది ఇదీ. తుపాను కబురు రాలేదని ఎవరమూ అనలేం. తీరం తాకడానికి 72 గంటల ముందే వాతావరణ శాఖ జాగ్రత్త చెప్తుంది, 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన నాడు వేల మంది ప్రాణాలు పోయాయి. ఇప్పుడు జనాన్ని ముందే ఖాళీ చేయిస్తున్నారు, ప్రాణాలు దక్కుతున్నాయి. అది చిన్న సంగతి కాదు. మనిషిని కాపాడే ఏర్పాటు జరిగింది. పంటను కాపాడే ఏర్పాటు జరగలేదు. "కోసిన ధాన్యం సురక్షిత ప్రాంతాలకు తరలించండి" అని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఆ సురక్షిత ప్రాంతం ఎక్కడుందో చెప్పరు. మిషన్ లేదు, బరకం లేదు, గోదాము లేదు, సెంటర్లో కాంటా లేదు. అవేవీ లేని రైతుకు మూడు రోజుల ముందు కబురొస్తే మూడు రోజులు ఎక్కువ భయపడతాడు, అంతే.

నష్టం ఎవరికి పోతుందో కూడా చూడండి. మా అల్లుడు కౌలుదారు. భూమి యజమాని సంతకం పెడితేనే అక్కడ సాగుదారు కార్డు వస్తుంది. 2019 చట్టంలో అట్లనే ఉంది. యజమాని పెట్టలేదు. పంట పోయినా కౌలు బస్తాలు కొలవాల్సిందే. 33 శాతం పైన పంట పోతే విపత్తు నిధి లెక్కన నీటి వసతి ఉన్న పైరుకు హెక్టారుకు 17,000 రూపాయలు, అది కూడా రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి లెక్కేస్తే ఏడు వేలు కూడా కాదు. ఆ కొంచెమైనా ఎవరి పేరుంటే వాళ్లకు పోతుంది. మన దగ్గర ఇంతకంటే మెరుగుందా? ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని చట్టమొచ్చింది. ఈ హాలులో ఆ కార్డు జేబులో ఉన్నవాళ్లు ఎంతమందో చేతులెత్తండి. చూశారు కదా. ఫసల్ బీమా నుంచి మన రాష్ట్రం 2020లో బయటకొచ్చింది. కోసి మడిలో ఆరబెట్టిన పంట పద్నాలుగు రోజుల్లోపు వానకు తడిస్తే కూడా ఆ పథకంలో పరిహారం అడిగే వీలుంది, 72 గంటల్లో తెలియజేయాలి. ఆ దారి మనకు లేదు. దాని బదులు ఇంకోటి కూడా పెట్టలేదు.

ఇక మనం చేయాల్సింది. నాకు తోచింది చెప్తాను, సంఘం సరిదిద్దాలి.

మొదటిది, ప్రతి ఊరి కమిటీ తన ఊరి కోతల పట్టిక రాయాలి. ఎవరి పొలం ఏ వారం కోతకొస్తుంది, ఎంత కౌలు, ఎంత సొంతం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. మన వానాకాలం కోతలన్నీ అందులోనే పడతాయి. బీపీటీ 145 నుంచి 150 రోజుల పంట. తెలంగాణ సోనా 125 రోజులు. ఆలస్యంగా నాటే మడికైనా తక్కువ రోజుల రకం వేస్తే ఊరంతా ఒకే వారం మిషన్ కోసం కొట్టుకోనక్కర లేదు. బీపీటీ మానమని నేను చెప్పను. అన్నం అదే బాగుంటుంది, ధర అదే వస్తుంది. అయిదెకరాలకు అయిదెకరాలూ అదే వెయ్యొద్దంటున్నా.

రెండోది, పర్దాలు. వాన మబ్బు చూసి కొనడానికి పోతే ఏమైతదో నేను బాపట్ల బజార్లో చూశాను. ఊరికి ఇన్ని అని సెంటర్లోనే ముందు నుంచి ఉంచాలని అధికారుల్ని అడగాలి. ఇవ్వకపోతే సంఘం తరఫున కొని పెట్టుకోవాలి.

మూడోది, కాంటా. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు నుంచి మ్యాచర్ వచ్చిన కుప్పలను రాత్రింబగళ్లు తూకం వేయాలి. తేమ చూసి రైతుకు చీటీ ఇచ్చిన తర్వాత తడిస్తే ఆ బాధ్యత కొనేవాళ్లదే కావాలి. మొలకెత్తినవి, రంగు మారినవి, పుచ్చినవి కలిపి 5 శాతం దాటొద్దని నిబంధన ఉంది. వాళ్ల ఆలస్యానికి తడిసిన వడ్లకు ఆ నిబంధన పెట్టి తరుగు తీయడం అన్యాయం. ఈ ఒక్క డిమాండ్ మీదనే మనం గట్టిగా నిలబడాలని నా మనవి.

నాలుగోది, కౌలు రైతుల పేర్లు. 28 నుంచి జనవరి 6 దాకా ప్రజాపాలన సభల్లో దరఖాస్తులు తీసుకుంటున్నారు. రైతు భరోసా కౌలు రైతుకు కూడా ఇస్తామని ఎన్నికల్లో మాటిచ్చారు. ప్రతి కౌలు రైతు చేత దరఖాస్తు పెట్టించండి, రసీదు తీసుకోండి, దాని నకలు సంఘం దగ్గర ఉంచండి. రేపు అట్లాంటి పేర్లు మా దగ్గర లేవని ఎవరూ అనకుండా ఉండాలి.

వచ్చే ముందు రోజు అల్లుడితో అన్నాను: "నా మాట విని చెడిపోయినవ్ కొడుకా" అని. "మీరు చెప్పకపోయినా నాకు మిషన్ దొరికేది కాదు మామయ్యగారూ, రెండెకరాలకే శనివారం రాత్రి దాకా ఎదురుచూశాం కదా" అన్నాడు. నా మనసు కుదుటపడాలని అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు. కానీ ఆ మాటలో నిజమున్నది. నేను తప్పు చెప్పాను, ఒప్పుకుంటాను. నేను సరిగ్గా చెప్పినా ఊళ్లో రెండే మిషన్లున్నాయి.

సంక్రాంతి లోపల మీ మీ ఊళ్ల కోతల పట్టికలు, కౌలు రైతుల జాబితాలు సంఘం ఆఫీసులో ఇవ్వాలని కోరుతున్నాను. యాసంగి కోతలు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, అప్పుడు వడగళ్లు వస్తాయి. టైమ్ ఎక్కువ లేదు.