జవాబు వచ్చాక
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నువ్వు ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పు" అని సంఘం మిత్రులు అడిగారు. ముప్పై ఏళ్లుగా వేడి, ఆవిరి, గాలి లెక్కలతోనే నా బతుకు. అందుకని లెక్కల గురించే చెబుతాను. లెక్క ఎలా చేయాలన్నది పుస్తకాల్లో ఉంది. చేసిన లెక్క సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలన్నది మాత్రం నాకు ఈ బడిలోనే చెప్పారు. అది నాకు వంటబట్టడానికి మాత్రం ఇంకో పదేళ్లు పట్టింది, దానికి వేరేవాళ్లు మూల్యం చెల్లించారు.

మాకు భౌతిక శాస్త్రం చెప్పిన సారు పేరు ఇక్కడ చెబితే ఆయనకు నచ్చదు. మా బ్యాచ్ వాళ్లకు చెప్పనక్కర లేదు. లెక్క అయిపోయి జవాబు కింద రెండు గీతలు గీశాక అందరు సార్లూ బోర్డు తుడిచేస్తారు. ఆయన తుడిచేవారు కాదు. "ఇప్పుడు ఇది తప్పని చూపించండి" అనేవారు. ఒకసారి ఏటవాలు తలం మీద జారే వస్తువు లెక్క ఇచ్చారు. నేను ధైర్యంగా వెళ్లి త్వరణం జి కాస్ తీటా అని రాశాను. ఆయన తప్పు అనలేదు. "సరే, తలాన్ని పూర్తిగా పడుకోబెట్టు. తీటా ఎంత?" అన్నారు. సున్నా అన్నాను. "కాస్ సున్నా ఎంత?" ఒకటి అన్నాను. "అయితే నా బల్ల మీద ఉన్న డస్టర్ తనంతట తాను పరుగెత్తాలి కదా, ఎందుకు పరుగెత్తట్లేదు?" క్లాసంతా నవ్వింది. సైన్ అని దిద్దాక మళ్లీ పరీక్ష: పడుకోబెడితే సున్నా, నిట్టనిలువుగా పెడితే జి, అంటే రాయి వదిలేసినట్టే. రెండు కొసలూ సరిపోయాయి. అప్పుడు బోర్డు తుడిచారు.

ప్రమాణాల విషయంలోనూ అంతే. మీటర్లా, సెకన్లా రాయకపోతే సగం మార్కులు కోసేవారు. అప్పట్లో అది చాదస్తం అనుకున్నాం. 1999 సెప్టెంబరులో అమెరికా వాళ్లు అంగారకుడి చుట్టూ తిరగడానికి పంపిన క్లైమేట్ ఆర్బిటర్ నాశనమైంది. ఒక బృందం అంకెలను పౌండ్ల లెక్కలో ఇచ్చింది, ఇంకో బృందం వాటిని న్యూటన్ల లెక్క అనుకుంది. ఆ వార్త చదివినప్పుడు నాకు నా హోంవర్కు పుస్తకంలోని ఎర్ర సిరా గుర్తొచ్చింది.

ఇక మన పసుపు సంగతికి వస్తాను. ఇక్కడ దాని గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు, అయినా ఇంజనీరు కంటితో ఒకసారి చూడండి. తవ్విన పసుపును రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. కొమ్ములు వేరు, మండలు వేరు. కడాయిలో అయితే నురగ వచ్చి, తెల్లటి ఆవిరి లేచి, ఆ వాసన కొట్టేదాకా ముప్పావు గంట నుంచి గంట. ఉడకడంలో జరిగేదేమిటంటే, లోపలి పిండి పదార్థం జిగురులా మారుతుంది, రంగు కొమ్మంతా సమంగా పరుచుకుంటుంది, తర్వాత త్వరగా ఆరుతుంది. తక్కువ ఉడికితే ఎండాక పెళుసవుతుంది, ఎక్కువ ఉడికితే రంగు పోతుంది. మరి సరిగ్గా ఉడికిందని తెలిసేదెలా? మా అమ్మ దగ్గర గడియారం లేదు. మొన కొట్టిన పుల్ల ఉండేది. కొమ్ములోకి అది దిగితే దించేయమనేది. ఇప్పుడు ట్రాక్టరు వెనక ఆవిరి బాయిలర్లు వచ్చాయి, పని ఎంతో తొందరగా అయిపోతోంది, అయినా పుల్ల మాత్రం పోలేదు. ఎందుకంటే గడియారం మంట గురించి, నీళ్ల గురించి, కొమ్ము లావు గురించి కొన్ని ఊహలు చేసుకుంటుంది. పుల్ల ఏ ఊహా చేయదు. మనకు కావాల్సిందేమిటో దాన్నే సూటిగా అడుగుతుంది. ఎండాక కొమ్మును విరిచి, ఖణేల్‌మన్న చప్పుడు వినడమూ అలాంటి పరీక్షే.

ఇప్పుడు ఒక లెక్క. పచ్చి పసుపులో నూటికి 80 పాళ్లు నీరు అనుకుందాం. ఎండాక 10 పాళ్లే ఉండాలి. 100 కిలోల పచ్చి పసుపు నుంచి ఎంత నీరు పోవాలి? ఎనభైలోంచి పది తీసేసి డెబ్బై కిలోలు అంటారు చాలామంది, ఇంజనీర్లతో సహా. కాదు. మారనిది గట్టి పదార్థం, అది 20 కిలోలు. ఎండిన పసుపులో ఆ 20 కిలోలు 90 పాళ్లు. కాబట్టి ఎండు పసుపు 22 కిలోలు, పోయే నీరు 78 కిలోలు. నమ్మకం లేకపోతే రైతును అడగండి: నాలుగైదు క్వింటాళ్ల పచ్చిదానికి ఒక క్వింటాలు ఎండుది అంటాడు. లెక్కా అనుభవమూ కలిశాయి, ముందుకు పోవచ్చు.

ఆ 100 కిలోలను ఉడికే దాకా వేడి చేయడానికి దాదాపు 25 మెగాజౌళ్లు చాలు. ఆ 78 కిలోల నీటిని ఆవిరి చేయడానికి, కిలోకు 2.4 చొప్పున, 187 కావాలి. ఏడు రెట్లకు పైనే. పొయ్యి దగ్గర కష్టం కంటికి కనిపిస్తుంది కాబట్టి పెద్ద పని ఉడకబెట్టడమే అనుకుంటాం. అసలు పెద్ద పనిని పది పదిహేను రోజులు కల్లంలో సూర్యుడు ఊరికే చేసి పెడుతున్నాడు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిన తప్పును ఇప్పుడు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న కంపెనీలో పసుపు ఆరబెట్టే యంత్రం తయారు చేశాం. ఎండాకాలం ముందు అకాల వానకు కల్లాల్లో పసుపు తడవడం మీకందరికీ తెలిసిందే, దానికి మందు కనిపెట్టామని నా ఉత్సాహం. ఫ్యాను, హీటరు, అరల మీద అరలుగా జల్లి పళ్లేలు. 60 డిగ్రీల గాలి కింది నుంచి పైకి పోతుంది. పది కిలోల పసుపు వేసి చూశాం. ఇరవై గంటల్లో ఖణేల్‌మంది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అదే ఫలితం. ఇరవై నాలుగు గంటల్లో అయిదు క్వింటాళ్లు అని కాగితం మీద రాసి, మన ప్రాంతపు రైతు ఒకాయన దగ్గర పెట్టాం.

మర్నాటికి కింది పళ్లేలు బాగానే ఎండాయి. పైవి తడిగానే ఉన్నాయి. మూడో రోజుకు పైవాటికి బూజు పట్టింది. నేను థర్మామీటరు పట్టుకుని గాలి లోపలికి వెళ్లే చోటే చూస్తున్నాను, అక్కడ 60 కచ్చితంగా ఉంది. ఆ పెద్దాయన వెళ్లి గాలి బయటికి వచ్చే చోట చెయ్యి పెట్టాడు. "ఇట్ల చెయ్యి పెట్టి చూడు బిడ్డా. బయటికొచ్చే గాలి సల్లగున్నది, తడిగున్నది. అది ఇంకేం ఎండగొడ్తది?" అన్నాడు.

ఆ రాత్రి మార్కెట్ యార్డు రసీదు వెనక లెక్క వేశాను. కిలో గాలి 60 నుంచి 30 డిగ్రీలకు చల్లబడితే ఇచ్చే వేడి 30 కిలోజౌళ్లు. గ్రాము నీరు ఆవిరి కావడానికి 2.4. అంటే కిలో గాలి మోసుకుపోగలిగింది పన్నెండున్నర గ్రాములే. మా ఫ్యాను గంటకు 500 కిలోల గాలిని తోస్తుంది, కాబట్టి గంటకు ఆరుంబావు కిలోలు, రోజుకు 150 కిలోల నీరు. అదీ గాలి ఒక్క చుక్క వేడి వృథా చేయకపోతే. పోవాల్సిన నీరు 390 కిలోలు. ఎంత బాగా కట్టినా ఆ యంత్రం రెండున్నర రోజుల లోపల ఆ పని చేయలేదు. అయిదు నిమిషాల లెక్క ఇది. కొసకు తీసుకెళ్లి చూడమన్న సారు మాట నేను విని ఉంటే, బల్ల మీద డస్టర్ పరుగెత్తడం అప్పుడే కనిపించేది.

మరి మూడుసార్లు చేసిన పరీక్ష సంగతేమిటి? అది అబద్ధం కాదు. పది కిలోలప్పుడు గాలికి కొరత లేదు. కొమ్ము లోపలి నీరు పైకి రావడానికి పట్టే సమయమే అక్కడ అడ్డు, అది ఇరవై గంటలు. అయిదు క్వింటాళ్లప్పుడు అడ్డు మారిపోయింది, గాలి చాల్లేదు. మేము ఒక ప్రశ్నను పరీక్షించి ఇంకో ప్రశ్నకు జవాబు రాసుకున్నాం. యంత్రం గెలిచే చోటే మూడుసార్లు ఆడాం, ఓడిపోయే చోటికి ఒక్కసారీ తీసుకెళ్లలేదు.

బూజు పట్టిన సరుకుకు ధర పడిపోయింది. కంపెనీ ఆ నష్టం కట్టివ్వలేదు. నేను ఇవ్వబోతే ఆయన సగమే తీసుకున్నాడు. ఆ ఏడు బావి మోటారు కొనడం మానుకున్నాడని తర్వాత వేరేవాళ్లు చెప్పారు. తర్వాత పెద్ద ఫ్యాను పెట్టాం, మధ్యలో పళ్లేల వరుసలు మార్చే ఏర్పాటు చేశాం, బయటికొచ్చే చోట ఇంకో థర్మామీటరు పెట్టాం. ఈ మూడోది ఆయన చెయ్యే.

నా కథ అయిపోయింది, దీనికన్నా మంచి కథ ఒకటుంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి గురించి మీలో చాలామందికి తెలుసు, సినిమా కూడా వచ్చింది. పోచంపల్లి రకం చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు దారాన్ని మేకుల చుట్టూ తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, నాలుగైదు గంటల పని. తల్లి భుజాల నొప్పి చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టారు, 1999లో పూర్తి చేశారు. అవును, అంగారకుడి దగ్గర నౌక పోయిన ఏడాదే. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయిన మనిషి. సినిమా ఆయన పట్టుదలను చూపించింది, నాకు మాత్రం ఆయన పద్ధతి ముఖ్యంగా కనిపిస్తుంది. పనిని కదలికలుగా విడగొట్టారు. ఒక్కో కదలికను ఒక్కోటిగా సాధించుకుంటూ వచ్చారు. దారాన్ని మేకు చుట్టూ తిప్పే కదలిక చివరిదాకా లొంగలేదు. బతుకుదెరువుకు హైదరాబాదులో కరెంటు పని చేస్తున్నప్పుడు, వేరే పనికి పెట్టిన ఒక యంత్రంలో అలాంటి కదలిక కంటపడింది. ఏడేళ్లుగా ఆ ఒక్క ఖాళీ ఏ ఆకారంలో ఉందో మనసులో స్పష్టంగా ఉంది కాబట్టే చూడగానే పట్టుకున్నారు. అదే యంత్రాన్ని రోజూ చూసేవాళ్లు అక్కడ ఎంతమంది ఉండి ఉంటారు! ఇక పరీక్ష అంటారా, దాన్ని చీరే చేస్తుంది. వరుస తప్పితే రంగులద్దాక పువ్వు పువ్వులా రాదు, ఏ సర్టిఫికెట్టూ దాన్ని కప్పిపుచ్చలేదు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. యంత్రానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌కు వచ్చింది. పెద్ద పనులు వాళ్లు చూసుకుంటారు. మన బడి నుంచి నేను అడిగేది చిన్న పని. ఈసారి పసుపు తవ్వే రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఉడికిన పసుపు కిలో చొప్పున మూడు తట్టల్లో పోయాలి. ఒకటి పలచగా, ఒకటి నాలుగు వేళ్ల మందాన, ఒకటి పైన నల్ల గుడ్డ కప్పి. మూడింటినీ రోజూ సాయంత్రం తూచి పట్టికలో రాయాలి. ఏది ముందు ఎండుతుందో తూచకముందే ప్రతి ఒక్కరూ ఒక చీటీ మీద ఊహ రాసి, మడిచి, సైన్సు టీచరుకు ఇవ్వాలి. చీటీలు చివరి రోజున విప్పాలి. సార్లు కూడా రాయాలి. నల్ల గుడ్డ తట్ట గురించి నాకు ఒక ఊహ ఉంది, నా చీటీ ఇప్పుడే హెడ్‌మాస్టరు గారికి ఇస్తున్నాను. తక్కెడ, రెండు థర్మామీటర్లు తెచ్చాను, ఆఫీసు గదిలో పెట్టాను.