వార్తలు మోసుకొచ్చే పనిముట్టు – మేము చేసిన మార్పులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ముగిసినది. భోజనాలకు ఇంకా అరగంట ఉన్నది. ఈ అరగంటలో ఆర్.ఎస్.ఎస్. రీడరు అనే కంప్యూటరు పనిముట్టును గురించి మాట్లాడమని కార్యదర్శిగారు మమ్ము నిలబెట్టినారు. ఆ మూడక్షరాల పేరుతో మన దేశంలో సుప్రసిద్ధమైన సంస్థ వేరొకటి ఉన్నది. మేము చెప్పబోయేది దానిని గురించి కాదని ముందే మనవి చేసుకొనడం మంచిది.

మేము ముగ్గురము. ఒకరిది చిక్కబళ్ళాపురము, ఒకరిది బాగేపల్లి, ఒకరిది చింతామణి. ఈ సంఘంలో చాలామంది ఆంధ్ర, తెలంగాణముల నుండి ఉద్యోగాలకై బెంగళూరు వచ్చినవారు. మా సంగతి అది కాదు. మైసూరు సంస్థానము నాటినుండి మా ఊళ్లు ఇక్కడివే. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినా, 1956లో రాష్ట్రాల హద్దులు మారినా మేము ఇటువైపే ఉండిపోయినాము. 2007 వరకు కోలారు జిల్లావారము, ఆ పిమ్మట చిక్కబళ్ళాపురము జిల్లావారము. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము. నోటికి వచ్చిన భాష కంటికి రాదు. చింతామణి తాలూకాలోని కైవారం తాతయ్యగారు రెండు భాషలలోనూ పాడినారు; వారి తెలుగు పాట వింటే మావాళ్లకు కన్నీళ్లు వస్తవి, దానినే తెలుగు అక్షరాలలో అచ్చువేసి చేతికిస్తే పుస్తకము తిరగేసి ఇచ్చేస్తారు. త్యాగరాజ కీర్తనలైనా మాకు కన్నడ లిపిలోనే కావలెను.

మాలో బాగేపల్లివాని మేనత్త ఒకామె ఉన్నది. ముగ్గురమూ ఆమెను అత్తా అనే పిలుస్తాము. కూతురిని కదిరికి ఇచ్చినారు. ఆవలి జిల్లాలో వాన పడినా, బస్సులు ఆగినా ఆమెకు తెలియవలెను. తెలుగు పత్రిక చదవలేదు. కన్నడ పత్రికలో కదిరి సంగతులు ఉండవు. ఇక మిగిలినది ఫోను. ఒక వానాకాలపు రాత్రి, కదిరి దారిలో వంతెన కొట్టుకొనిపోయినదని ఎవరో బొమ్మతో సహా పంపినారు. కూతురి ఫోను పలుకలేదు. తెల్లవారేదాకా ఆమె గుమ్మంలోనే కూర్చున్నది. తెల్లవారిన తర్వాత తెలిసినది – అది ఎక్కడిదో, ఎన్నడిదో పాత బొమ్మ. కూతురి ఫోనులో ఛార్జింగు అయిపోయినది, అంతే.

ఆమెకు మేము ఏమి చేయగలమని ఆలోచించగా ఈ పనిముట్టు జ్ఞాపకానికి వచ్చినది.

దీని కథ క్లుప్తంగా చెప్పుతాము. ఒక వెబ్‌సైటువారు తమ కొత్త వ్యాసాల పట్టికను చిన్న ఫైలుగా ఒకచోట ఉంచుతారు. అందులో ఒక్కొక్క వ్యాసానికి శీర్షిక, చిరునామా, తేదీ, నాలుగు ముక్కల సారాంశము ఉంటవి. దానిని ఫీడు అంటారు. రీడరు అనే ప్రోగ్రాము మన తరఫున గంటకొకసారి పోయి, “కొత్తదేమైనా ఉన్నదా?” అని అడిగి, ఉంటే తెచ్చి మన ముందు పెట్టుతుంది. పోస్టాఫీసు కిటికీ దగ్గరకు మన బదులు పోయి వచ్చే కుర్రవాడని అనుకోండి. ఏ ఊరి ఉత్తరము ముందు చూపవలెనో, ఏది దాచవలెనో అతడు నిర్ణయించడు. వచ్చిన వరుసలో ఇస్తాడు.

1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీలో ఇది పుట్టినది. పుట్టించినవారిలో ఒకరు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన రామనాథన్ గుహా. తర్వాత డేవ్ వైనరు మొదలైనవారు దానిని సవరించగా 2002లో రెండవ కూర్పు స్థిరపడినది. గూగులువారు 2005లో రీడరు ఒకటి పెట్టి, 2013 జూలై 1న మూసివేసినారు. మాలో ఇద్దరము అప్పుడు దాని వాడుకరులమే. మా పట్టికను ఓ.పి.ఎం.ఎల్. అనే ఫైలుగా దించుకొన్నాము కాబట్టి ఏమీ పోలేదు. ఒకరి అంగడి మూతపడితే మన సరుకు మనకు దక్కుతుందా అని మేము మొదటిసారి అడుగుకొన్నది ఆనాడే.

అందుచేత ఈసారి ఇతరుల అంగడికి పోలేదు. ఫ్రెష్ ఆర్.ఎస్.ఎస్. అనే ఉచితమైన రీడరును తెచ్చి, చిక్కబళ్ళాపురములోని ఇంట్లో అరచేయి అంత కంప్యూటరులో పెట్టినాము. దాని లోపలి కోడు ఎవరైనా చదువుకొనవచ్చు, మార్చుకొనవచ్చు. ఇది 2021 చివరి మాట. బి.బి.సి. తెలుగు ఫీడు, అనంతపురము వైపు సంగతులు వ్రాసే కొన్నింటి ఫీడులు చేర్చినాము. అన్నీ తెలుగు అక్షరాలే. ఇక అత్తకు ఎట్లా చదివించడం?

ఇక్కడ ఒక మంచి విషయము బయటపడినది. కంప్యూటరు లోపల అక్షరాలు అంకెలుగా ఉంటవని వినియుంటారు. యూనికోడు పద్ధతిలో తెలుగు ‘అ’ అంకె 3077. కన్నడ ‘అ’ అంకె 3205. తేడా 128. తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221. తేడా 128. గుణింతాలు, పొల్లు, సున్న – అన్నిటికీ అదే తేడా. ఇది కాకతాళీయము కాదు. భారతీయ లిపులన్నీ ఒకే వర్ణక్రమము గలవి కాబట్టి మన దేశములో 1980లలో ఇస్కీ అనే పట్టికను తయారుచేసి, అన్ని లిపులకూ ఒకే వరుస పెట్టినారు. యూనికోడువారు 1988 నాటి ఆ వరుసనే తీసుకొన్నారు. కావున ప్రతి తెలుగు అక్షరానికి 128 కలిపితే చాలు, తెలుగు మాట కన్నడ లిపిలో నిలబడుతుంది. తర్జుమా కాదు; మాట మారదు, చొక్కా మారుతుంది.

రెండు పంక్తుల పని అనుకొని కూర్చున్నాము. మూడు వారాలు పట్టినది. ఎందుకు పట్టినదో చెప్పడమే మా ప్రసంగములో అసలు భాగము. పెద్దలు ఓపిక పట్టవలెను.

మొదట చెత్త వచ్చినది. పి.హెచ్.పి. భాష మాటలను అక్షరాలుగా గాక బైట్లుగా లెక్కపెడుతుంది. ఒక తెలుగు అక్షరము నిలువచేసేటప్పుడు 3 బైట్లు పడుతుంది. మేము అక్షరానికి కలపవలసినదానిని బైటు బైటుకూ కలిపినాము. తెరమీద చతురస్రాలు, ప్రశ్నార్థకాలు బారులు తీరినవి. దానిని దిద్దిన తర్వాత తెలుగు పరిధిలోని అంకెలకు, అనగా 3072 మొదలు 3199 వరకు మాత్రమే కలపాలని తెలిసినది. లేకపోతే ఖాళీలు, ఇంగ్లీషు అక్షరాలు కూడా ఎక్కడికో లేచిపోతవి. ఱ బండిరాకు కన్నడములో జోడి ఉన్నది. పాత పుస్తకాలలోని దంత్య చకారానికి మాత్రము లేదు. వార్తలలో అది రాదు కనుక విడిచిపెట్టినాము.

తర్వాత బొమ్మలు మాయమైనవి. వ్యాసము లోపల బొమ్మ చిరునామా కూడా ఉంటుంది. కొన్ని చోట్ల బొమ్మ ఫైలు పేరు తెలుగులోనే పెట్టియున్నారు. మేము దానిని కూడా కన్నడములోకి మార్చినాము. ఆ పేరుగల బొమ్మ లోకంలో ఎక్కడా లేదు, ఎట్లా వస్తుంది? కంటితో చదివేది ఏది, యంత్రము చదివేది ఏది అని విడదీయడము నేర్చుకొన్నాము.

మూడవ తప్పు బుద్ధి తక్కువ తప్పు. ఈ రీడరులో బయటి ప్రోగ్రాములు తగిలించుటకు కొక్కెములు ఉన్నవి. వ్యాసము లోపలికి వచ్చి నిలువ కాకముందు ఒక కొక్కెము, తెరమీదికి వచ్చేముందు ఇంకొకటి. మేము మొదటిదానికి తగిలించినాము. అన్నీ కన్నడ లిపిలోనే నిలువైనవి. వారము గడిచినాక ‘కదిరి’ అని తెలుగులో వెతికితే ఒక్కటీ దొరకలేదు. అసలు తెలుగు పాఠము మా దగ్గర లేదు! కాగితము మీద సిరా పోసి, తర్వాత కాగితము ఏదని వెతికినట్లు అయినది. రెండవ కొక్కెమునకు మార్చినాము. అప్పుడు లోపల తెలుగు తెలుగుగానే ఉంటుంది. చూపేటప్పుడు మాత్రమే మారుతుంది.

ఈ మూడు తప్పులూ చేయకముందు మేము ఈ రీడరును రెండు నెలలు వాడినాము. వాడినామనే మాటే గాని, దానికి కొక్కెములు ఉన్నవని కూడా ఎరుగము.

వార్తలను జల్లెడపట్టే సంగతి కొంచెము. చింతామణివాడు తన ఊరిపేరు పెట్టి, ఆ మాట ఉన్న వార్తలు పైకి రావలెనని నియమము వ్రాసుకొన్నాడు. టమాటా మండి సంగతులు, పట్టుగూళ్ల సంగతులు వస్తవని ఆశ. 2022 జనవరిలో ఒకనాడు తెర నిండిపోయినది. ఊళ్లో ఏమి ఉపద్రవము వచ్చెనోనని హడలిపోయినాడు. తీరా చూస్తే, కాళ్లకూరి నారాయణరావుగారి ‘చింతామణి’ నాటకమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధించినది! ఊరికి, నాటకానికి తేడా జల్లెడకు తెలియదు గదా. ‘చింతామణి’తోపాటు ‘తాలూకా’, ‘మార్కెట్టు’, ‘కర్ణాటక’లలో ఏదో ఒకటి ఉండవలెనని మార్చినాడు. చిక్కబళ్ళాపురమువాని కష్టము వేరు. ఒకరు ళకు ళ వత్తు పెట్టుతారు, ఒకరు ల వత్తు పెట్టుతారు. కొందరు ‘చిక్‌బళ్లాపూర్’ అంటారు. అందులో కకారపు పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి దాగి ఉంటుంది, వత్తు పడకుండా ఆపేందుకు. మనిషి కంటికి అన్నీ ఒకే ఊరు. యంత్రానికి నాలుగు ఊళ్లు.

సరే, అత్త దగ్గరకు పోదాము. ఫోనులో తెరిచి చేతికిచ్చినాము. రెండు పంక్తులు పైకే చదివి ఆగినది. “ఇది మన మాటే గదరా నాయనా! అక్షరం మాత్రం బడిలోది” అన్నది. ‘శంకుస్థాపన’ వంటివి కన్నడములోనూ ఉన్నవి కాబట్టి జంకలేదు. ‘గుత్తేదారు’ దగ్గర ఆగి, “ఇతడెవడు?” అన్నది. కంట్రాక్టరు అని చెప్పితే, “ఆ మాట చెప్పలేక ఇంత కష్టమా” అని నవ్వినది.

ఈ సంగతి తెలిసి మన సంఘములో ఒక పెద్దలు మమ్ము మందలించినారు. “తెలుగువారికి తెలుగు అక్షరము నేర్పవలసినదిపోయి, దానిని తుడిచి కన్నడములో చూపుతారా? ఇది సేవా, ద్రోహమా?” అన్నారు. ఆ మాట మమ్ము బాధించినది, ఎందుకంటే మాలో మేము కూడా అదే తర్కించుకొన్నాము. అరవై ఏళ్లు దాటిన ఆమెను ఓనమాలు దిద్దిన తర్వాతనే కూతురి ఊరి వార్త చదువుమనడము మాకు న్యాయమని తోచలేదు. అయినా ఆ పెద్దల మాటను తోసివేయలేకపోయినాము. వారి మాటవల్లనే ఒక మార్పు చేసినాము. అసలు తెలుగు పాఠము లోపల భద్రంగా ఉన్నది గదా, రెండవ కొక్కెము పుణ్యము. దానిని కూడా చూపితే? పైన కన్నడ పంక్తి, దాని కింద చిన్నగా తెలుగు పంక్తి. మొదట శీర్షికలకు మాత్రమే పెట్టినాము.

రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలు. గ, ద, న, ర, ల, వ – తలకట్టు తీరు తప్ప పెద్ద తేడా లేదు. క, త, శ వంటివి మాత్రము గుర్తుపట్టరాకుండా మారినవి. ఎవరూ పాఠము చెప్పలేదు. పైది చూచి, కిందిది చూచి, ఆమె వాటిని తానే పోల్చుకొంటూ వచ్చినది.

లోపాలు ఉన్నవి. కొన్ని ఫీడులలో శీర్షిక తప్ప ఏమీ రాదు. కొన్ని వెబ్‌సైటులకు ఫీడే లేదు. కరెంటు పోతే ఆ చిన్న కంప్యూటరు పడుకుంటుంది. చూపులేనివారికి దీనిని చదివి వినిపించే ఏర్పాటు మాకింకా చేతకాలేదు. మా ప్రోగ్రాము నకలు కావలసినవారు భోజనాలైన తర్వాత మమ్ము అడగవచ్చు. మీ ఊరి పేరును పత్రికలవారు ఎన్ని విధాల వ్రాస్తారో ఒక చీటీమీద రాసుకొని వస్తే పని సులువవుతుంది.

పోయిన నెల అత్త ఫోను చేసినది. ఒక వార్తకు పైన కన్నడ పంక్తి రాలేదు, మీ యంత్రము చెడినదేమో చూడండి అన్నది. చూచినాము. యంత్రము చెడలేదు. ఆ వార్తలో శీర్షికను బొమ్మగా అచ్చువేసి పెట్టినారు. బొమ్మలో అక్షరాలు ఉండవు, అక్షరాల ఆకారాలే ఉంటవి. కలపడానికి అంకెలేవీ లేవు. ఆ మాటే చెప్పినాము.

“అట్లయితే కింద ఉండేది తెలుగేనా? నేను కూడబలుక్కొని చదివినాను, సరిగా ఉన్నదేమో విను” అని చదివినది. మూడు మాటలు. రెండు సరిగానే ఉన్నవి. మూడవదానిలో ‘త’ను ‘ప’ అన్నది.