తక్కువ ధనముతో బోలు గిటారు

ఇంటిలో పిల్లవాడు విద్యుత్ గిటారు కావలెనని పట్టుపట్టును. దాచిన సొమ్ము కూడదీసి కొనియిత్తురు. ఆరు మాసములు తిరుగకుండగనే ఆ వాద్యము గది మూలకు చేరును. వానికి సంగీతము అబ్బలేదని పెద్దలు తేల్చివేయుదురు. నిజమునకు లోపము పలుమారు పిల్లవానిలో నుండదు. నొక్కుటకు వీలులేనంత ఎత్తున నిలిచిన తీగలలో నుండును. కావున వాద్యమును కొనుట ఎట్లు, కొన్నదానిని మెరుగుపరచుట ఎట్లు అను రెండు ప్రశ్నలను మేము నేడు కలిపి విచారింపదలచితిమి. అందును బోలు గిటారును గూర్చియే చెప్పుదుము. దానిని కొనుటయందును, బాగుచేయుటయందును ప్రత్యేకమైన చిక్కులు కలవు.

అమెరికా నృత్యశాలలలో బాకాల హోరు నడుమ ఒకప్పుడు గిటారు నాదము వినబడెడిది కాదు. 1936లో గిబ్సన్ సంస్థవారు బోలు గిటారునకు పికప్ అమర్చి ఇ.ఎస్.-150 అను వాద్యమును వెలువరించిరి. ఉక్కుతీగ కదలినపుడు, అయస్కాంతము చుట్టునున్న సన్నని రాగితీగ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని ఆంప్లిఫయర్ పెంచి వినిపించును. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందమున చేరిన చార్లీ క్రిస్టియన్ ఇట్టి వాద్యముతోనే గిటారునకు ముందువరుసలో పీట వేసెను.

అయితే బోలు కడుపునకు ఒక స్వభావము కలదు. స్పీకరు నాదము తగిలి పై పలక కంపించును. పలక తీగలను కదల్చును. ఆ కదలిక మరల స్పీకరునుండి వెలువడును. ఈ చక్రము తిరిగి తిరిగి చెవులు చిల్లులుపడు కూతగా మారును. దీనిని తగ్గించుటకై గిబ్సన్ వారు 1958లో ఇ.ఎస్.-335 యందు కడుపు నడుమ నిలువుగా కఱ్ఱదిమ్మ నుంచిరి. ఇది సగము బోలు గిటారు. ఇంటిలో మెల్లగా వాయించువారికి పూర్తి బోలు గిటారు హాయి; డ్రమ్ములతో కలసి బిగ్గరగా వాయించువారికి సగము బోలే మేలు.

ఇక ధర మాట. ఘనమైన కఱ్ఱను తొలిచి చేసిన వాద్యములు మిక్కిలి ఖరీదు. పలుచని పొరలు అతికించిన పలకతో చేసినవి చౌక. పొరల పలక యనగానే చులకన చేయరాదు, పేరుమోసిన ఇ.ఎస్.-335 సైతము అట్టిదే. బీటిల్స్ వాయించిన ఎపిఫోన్ కసీనోయు అట్టిదే. నేడు ఎపిఫోన్, ఐబనీజ్, గ్రెచ్ సంస్థల చౌక రకములు ఆసియా దేశములలో తయారగుచున్నవి. తగినది వానిలోనే వెదుకవచ్చును.

కొనునపుడు మేము చెప్పు సూత్ర మొక్కటే: తరువాత మార్చలేనిదానిని ముందు పరీక్షింపుడు. వీణ మెట్లు మైనములో నిలుచును. స్వరము తప్పినచో మరల మేళము కట్టింపవచ్చును. గిటారు మెట్లు కఱ్ఱలో దిగగొట్టినవి. కావున మెడ వంకర లేకుండ ఉన్నదా, ప్రతి తీగయు ప్రతి మెట్టుపైనను గరగర లేక పలుకుచున్నదా, మెడ కడుపుతో కలియుచోట సందు కలదా అని చూడవలెను. రంధ్రమునుండి దీపపు వెలుగు ప్రసరింపజేసి, లోపలి పట్టీలు ఊడలేదని నిశ్చయించుకొనవలెను. రంగు, మెరుగు చివరి మాటలు.

కొన్న పిమ్మట మొదటి ఖర్చు అలంకారములపై గాక అమరికపై పెట్టవలెను. క్రొత్త తీగలు వేయించి, మెడలోని ఇనుప కడ్డీని సరిచేయించి, గుఱ్ఱము ఎత్తును, మెడ చివరి పట్టీలోని గాడుల లోతును సవరింపజేయుడు. పండ్రెండవ మెట్టుపై తీగను తేలికగా తాకి మీటినపుడును, నొక్కి మీటినపుడును ఒకే స్వరము పలుకవలెను. పెక్కు బోలు గిటారులలో గుఱ్ఱము అతికింపబడి యుండదు. తీగల బిగువే దానిని నిలుపును. కావున తీగల నన్నిటిని ఒక్కసారి విప్పక, ఒక్కొక్కటిగా మార్చవలెను.

పికప్‌లు మార్చుట చివరి పని. చాల గిటారులలో మరచుట్టు త్రిప్పి పికప్ ఎత్తు సవరింపవచ్చును. దీనికి కాసు ఖర్చు లేదు. ముందు అది చేసి వినుడు. అప్పటికిని తృప్తి లేనిచో క్రొత్తది కొనవచ్చును గాని, పాతదాని కొలతలు తీసికొని మరీ కొనవలెను. పూర్తి బోలు గిటారునకు సాధారణముగా వెనుక మూత యుండదు. లోపలి తీగెలు, మీటలు అన్నియు పై రంధ్రమునుండియే తీసి పెట్టవలెను. నేర్పరులు ఒక్కొక్క మీటకు దారము కట్టి, దాని ఆధారముతో క్రొత్తదానిని చోటికి లాగుదురు. ఓర్పు గల పని. కూలి ఎంతయగునో ముందుగా అడిగి తెలిసికొనుట మంచిది. తీసిన భాగములను భద్రపరచుడు.

కూత బాధించినచో స్పీకరునకు దూరముగా జరిగి, మంద్రస్వరములను తగ్గించి, రంధ్రములలో మెత్తని స్పంజి ఉంచి చూడుడు. బి.బి. కింగ్ పేర 1980లో వెలువడిన గిటారునకు ఈ కారణముచేతనే రంధ్రములు లేకుండ చేసిరి.

పదివేలు పోసి కొన్నను, లక్ష పోసి కొన్నను, తీగ వేలికి లొంగనిచో పిల్లవాడు వాయింపడు. మూల చేరిన గిటారు మీ ఇంట నున్నచో, వానిని నిందించుటకు ముందు ఒకమారు తీగల ఎత్తు చూడుడు.