ఆసుపత్రి ఖర్చుకు లెక్క కట్టేవారు కావాలి

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం ఆరోగ్య ఆర్థికశాస్త్రం. పేరు పెద్దదే గాని పని మనకు తెలిసినదే. గ్రాంటు ఇంత, అడిగే పద్దులు ఇన్ని, దేనికెంత ఇవ్వాలి? బడ్జెటు సెక్షన్లో మనం చేసినదే. కాకపోతే ఇక్కడ పద్దుకెదురుగా మనిషి ప్రాణం ఉంటుంది.

ఈ పని నేర్చినవారిని తయారుచేసుకోవడంలో థాయిలాండ్‌ను చూసి నేర్చుకోవాలి. 30 భాత్‌లు కడితే వైద్యమనే పథకం అక్కడ 2001లో మొదలై, 2002లో దేశమంతటికీ వచ్చింది. వారి ఆరోగ్యశాఖ యువ వైద్యులను, ఫార్మసిస్టులను ఈ శాస్త్రంలో పరిశోధనకు విదేశాలకు పంపి చదివించింది. చదివించడం ఒక ఎత్తు, తిరిగి వచ్చినవారికి కుర్చీ, జీతం, చేతినిండా పని చూపడం మరొక ఎత్తు. వారు రెండూ చేశారు. 2007లో చికిత్సల ఖర్చును, ఫలితాన్ని తూచి చెప్పడానికే హైటాప్ అనే సంస్థ వెలసింది.

ఒక్క ఉదాహరణ మనవి చేస్తాను. కిడ్నీ రోగులకు డయాలసిస్‌ను పథకంలో చేర్చాలా అన్న ప్రశ్న వచ్చింది. పెట్టే ఖర్చుకు తగిన ఫలితం రాదని లెక్కలు చెప్పాయి. కాని చేర్చకపోతే కుటుంబాలు అప్పులపాలౌతాయి. చివరకు 2008లో, ఇంటివద్దనే పొట్ట ద్వారా చేసుకొనే డయాలసిస్‌కు మొదటి స్థానమిచ్చి చేర్చారు. 2022లో ఏ పద్ధతో ఎంచుకొనే వీలు రోగికి కల్పించారు. లెక్క కట్టినవారు వద్దన్నా ప్రభుత్వం ఇచ్చింది. కాని ఎంత భారం నెత్తిన వేసుకుంటున్నదో తెలిసి ఇచ్చింది. నాకు నచ్చినది అదే.

మన దేశంలో ఇటువంటి వ్యవస్థ కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ కింద 2017లో ఏర్పడింది. చండీగఢ్ పి.జి.ఐ. పరిశోధకులు ఆసుపత్రుల అసలు ఖర్చును లెక్కగట్టగా, ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీ రేట్ల సవరణకు అది ఉపయోగపడింది. 2024 అక్టోబరులో ఆ పథకాన్ని 70 ఏళ్ళు, ఆపైబడినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా వర్తింపజేశారు. అంటే మనకే! రేటు మరీ తక్కువైతే ఆసుపత్రివారు బెడ్లు లేవంటారు, ఎక్కువైతే నిధి ఆవిరౌతుంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం వైద్యంపై అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం జేబులోనిదే.

కనుక మన మహజరులో డి.ఎ. బకాయిల తరువాత ఒక అంశం చేర్చమని కోరుతున్నాను. రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఈ శాస్త్రం చదివినవారికి శాంక్షన్డు పోస్టులు కావాలి, కాంట్రాక్టువి కాదు. మీ మనవలలో ఎకనామిక్సు, ఫార్మసీ చదివేవారుంటే ఈ దారి ఒకటున్నదని చెప్పండి.