మూలమట్టం ఎవరి చేతిలో ఉంది?

(ఐటీఐ మాస్టారి స్మారకోపన్యాసం)



ఈ ఏడాది ఉపన్యాసం నన్ను చెయ్యమన్నప్పుడు మరోమాట లేకుండా ఒప్పుకున్నాను. ఇది నాకు దక్కిన గౌరవం. మాస్టారి గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక్క సంగతే. ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన కొత్తలో మాకు తలా ఒక ఇనుప ముక్క ఇచ్చి, ఆకురాయితో అరగదీసి చదరం చెయ్యమనేవారు. అరచేతులు బొబ్బలెక్కేవి. అయ్యిందని చూపిస్తే, ముక్కను మూలమట్టానికి ఆనించి కిటికీ వైపు ఎత్తేవారు. సందులోంచి వెలుతురు కనిపిస్తే ఏమీ అనకుండా ముక్కను మళ్లీ వైస్ పక్కన పెట్టి వెళ్లిపోయేవారు. నాలుగోసారి అలా పెట్టినప్పుడు నాకు ఉక్రోషం వచ్చి, "మూలమట్టమే తప్పేమో మాస్టారూ" అన్నాను. తిడతారనుకున్నాను. ఆయన స్టోర్ నుంచి ఇంకో మూలమట్టం తెప్పించి, రెండూ ఒకదానికొకటి ఆనించి నాకే చూపించారు. వంకర నా ముక్కదే. అయినా కొలిచే పనిముట్టును కూడా పరీక్షకు పెట్టవచ్చని ఆ రోజు నాకు తెలిసింది. తర్వాత నేను ఆకురాయి వదిలి అర్థశాస్త్రంలోకి వెళ్లినా ఆ పాఠం వదల్లేదు. మాస్టారికి నా నివాళి అదే. మిగిలిన సమయమంతా ఆ పరీక్షకే కేటాయిస్తాను.

మన శిక్షణ వ్యవస్థ చరిత్ర ఈ సభకు కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపించడానికి 1945లో ఒక డైరెక్టరేట్ పెట్టారు. 1950లో ఐటీఐలకు పునాదైన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం, 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చాయి. 2022 నాటికి 50 కోట్లమందికి నైపుణ్యాలు నేర్పుతామని 2009 జాతీయ విధానం చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ (ఈజీఎంఎం) గ్రామీణ యువతను శిక్షణ నుంచి నేరుగా ఉద్యోగానికి పంపే దారి వేసింది. 2014లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన (డీడీయూజీకేవై), 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన (పీఎంకేవీవై) మొదలయ్యాయి. వీటి మంచిచెడ్డలు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వాటి జోలికి పోను.

నా తగవు ఒకే ఒక్క మాటతో. ఆ మాట 'స్కిల్ గ్యాప్'. పరిశ్రమకు కావలసిన పనితనం మన పిల్లల దగ్గర లేదు, ఆ ఖాళీని శిక్షణతో పూడ్చాలి అనే వాదం. ముప్పై ఏళ్లుగా నేను కూర్చున్న ప్రతి సమావేశం ఈ మాటతోనే మొదలైంది. ఒక కమిటీలో నేను రాసిచ్చిన భిన్నాభిప్రాయాన్ని అచ్చు నివేదికలో చేర్చనే లేదు. అందులో అడిగిందే ఇక్కడ మళ్లీ అడుగుతున్నాను. ముక్క వంకరని తేల్చేముందు మూలమట్టాన్ని ఎవరైనా పరీక్షించారా?

ఒక యజమాని "టర్నర్లు దొరకడం లేదు" అంటాడు. ఎంత జీతానికి దొరకడం లేదు? పని ఎన్ని గంటలు? ఓవర్‌టైమ్ డబ్బు ఇస్తారా? పీఎఫ్ కడతారా? ఊరు వదిలి వచ్చిన పిల్లవాడికి రూము అద్దె, తిండి ఖర్చు పోగా ఇంటికి పంపడానికి ఏమైనా మిగులుతుందా? సర్వే పత్రాల్లో ఈ ప్రశ్నలు ఉండవు. బజారులో ధర చెప్పకుండా సరుకు దొరకలేదంటే ఎవరూ నమ్మరు. కార్మికుడి విషయంలో మాత్రం దాన్ని లోటుగా రాసుకుని శిక్షణ కేంద్రం తెరుస్తాం. అమెరికాలో ఇదే ఫిర్యాదు పెరిగినప్పుడు పీటర్ కాపెల్లి 2012లో ఒక పుస్తకమే రాశారు. కంపెనీలు ఇవ్వజూపే జీతాలు తక్కువ, పెట్టే షరతులు ఎక్కువ, లోపల పని నేర్పడం మానేశాయి అని ఆయన చూపించారు. అంతకు చాలా ముందు, 1965లో, ఘనా అనుభవం మీద ఫిలిప్ ఫాస్టర్ చెప్పిందీ దీనికి దగ్గరిదే. పిల్లలు ఏ చదువు వైపు వెళ్తారన్నది ఆ చదువు తర్వాత దొరికే ప్రతిఫలాన్ని బట్టి ఉంటుంది. వృత్తి పాఠశాలలు పెట్టినంత మాత్రాన వాళ్ల దారి మారదు.

శిక్షణ ఒక్కటే ఎంత చెయ్యగలదు? పేద దేశాల్లో ఇలాంటి పథకాల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ అర్థశాస్త్రవేత్త డేవిడ్ మెకెంజీ 2017లో ఒకచోట చేర్చి చూశారు. వందమందికి శిక్షణ అవకాశం ఇస్తే, అది లేకపోతే ఆ ఉద్యోగం వచ్చేది కాదు అని చెప్పగలిగినవాళ్లు ముగ్గురు కూడా తేలలేదు. ఆ లెక్క చూసి శిక్షణ దండగ అనేవాళ్లతో నేను కలవను. ఉద్యోగమే లేని చోటికి, లేదా మనిషి నిలబడలేని ఉద్యోగానికి తయారు చేసే శిక్షణ అంతకంటే ఎక్కువ ఇవ్వలేదని నా ఉద్దేశం.

దీనికి మూడు అభ్యంతరాలు వింటూ వచ్చాను. మూడూ బలమైనవే.

మొదటిది అర్థశాస్త్రవేత్త గ్యారీ బెకర్ 1964లో చెప్పినదాని మీద నిలబడ్డది. ఎక్కడైనా పనికొచ్చే విద్యను యజమాని తన ఖర్చుతో నేర్పడు, ఎందుకంటే నేర్చుకున్నవాడు పక్క షెడ్డుకు పోతాడు. కాబట్టి ప్రభుత్వమే నేర్పాలని ఈ అభ్యంతరం చెప్పేవాళ్లు అంటారు. కానీ జర్మనీలో కంపెనీలు తమ ఖర్చుతోనే అప్రెంటిస్‌లకు పని నేర్పుతున్నాయి. ఎసిమోగ్లు, పిష్కే అనే అర్థశాస్త్రవేత్తలు 1990ల చివర దీనికి కారణం వివరించారు. పనితనం పెరిగినంతగా జీతం పెరగని చోట, ఆ తేడా యజమానికి మిగులుతుంది కనుక నేర్పడం అతనికీ లాభమే. పక్క షెడ్డువాడు లాక్కుపోతాడన్న భయం నిజమే. అది చట్టంతో, సంఘాల కట్టుబాటుతో తీరే భయం. దాన్ని సాకుగా చూపి భారమంతా ప్రభుత్వం మీద వెయ్యడం సరికాదు.

రెండో అభ్యంతరం ఉగాండాలో జరిగిన ఒక అధ్యయనం నుంచి వచ్చింది. 2020లో అచ్చయిన ఆ అధ్యయనంలో, శిక్షణాలయంలో నేర్చుకుని ధ్రువపత్రం తీసుకున్న యువత, నేరుగా షాపుల్లో పని నేర్చుకున్నవాళ్ల కంటే ఎక్కువకాలం లాభపడ్డారు. "మీరేమో యజమాని దగ్గరే నేర్పాలంటున్నారు, దీనికేమంటారు?" అని నన్ను అడిగారు. ఆ ఫలితాన్ని ఒప్పుకుంటున్నాను. అక్కడ పనిచేసింది కాగితం. ఒక ఉద్యోగం పోతే ఇంకో తలుపు తట్టడానికి అది ఉపయోగపడింది. షాపులో నేర్చుకున్నవాడి పనితనం ఆ షాపు గోడలు దాటి ఎవరికీ కనిపించలేదు. అంటే షెడ్డులో నేర్చుకున్నవాడికీ పరీక్ష పెట్టి పత్రం ఇవ్వాలి. నేను మార్చుకున్న అభిప్రాయం ఇదొక్కటే.

మూడోది మన అధికారులు చెప్పేది: "ప్లేస్‌మెంట్ చూపిస్తున్నాం కదా." డీడీయూజీకేవైలో మూడు నెలలు ఉద్యోగంలో ఉంటే ప్లేస్‌మెంట్ కింద లెక్క. నాలుగో నెలలో పాడేరు పిల్ల చెన్నై దగ్గరి ఫ్యాక్టరీ హాస్టల్ వదిలి ఎందుకు ఇంటికి వచ్చేసిందో ఆ లెక్కలో కనిపించదు.

బీహార్, జార్ఖండ్‌లలో ఇదే పథకం మీద జరిగిన ప్రయోగం నా దృష్టిలో వీటన్నిటికీ జవాబు. అక్కడ శిక్షణలో రెండంటే రెండు సమావేశాలు అదనంగా పెట్టి, దొరకబోయే ఉద్యోగాల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అలా విన్నవాళ్లు చేరిన ఉద్యోగంలో నిలబడే అవకాశం 17 శాతం పెరిగింది. పాఠ్యాంశం పాతదే, యంత్రాలు పాతవే. అతిగా ఆశపడినవాళ్లు ముందే తప్పుకున్నారు, ఆ పని సరిపడినవాళ్లు నిలిచారు అని పరిశోధకుల వివరణ. దీనిలో ఏ నైపుణ్యపు లోటు పూడింది? ఏదీ లేదు. తెలియకపోవడం అనే లోటు కొంత తీరింది. శిక్షణను అవసరానికి సరిపెట్టడమంటే నాకు అర్థమైనది ఇదే: ముందు ఖాళీ, దాని జీతం, ఊరు, పని గంటలు గోడ మీద రాయాలి. తర్వాతే అడ్మిషన్ తెరవాలి.

ఇది కొత్త ఊహ కాదు. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తప్పనిసరిగా తెలపాలని 1959లోనే చట్టం చేసుకున్నాం. దాని కింద 1960లో వచ్చిన నియమాలు పని స్వభావం, జీతభత్యాలు, పనిచేసే ఊరు కూడా రాయమన్నాయి. కానీ ప్రైవేటు రంగంలో అది 25 మంది, అంతకంటే ఎక్కువమంది ఉన్న సంస్థల దగ్గర ఆగింది. 2020 సామాజిక భద్రతా కోడ్ ఆ గీతను 20కి దించింది. అప్రెంటిస్‌ల విషయంలోనూ, 2019 మార్పుల తర్వాత 30 మంది ఉన్నచోటే తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది వరకు ఇష్టమైతేనే. మరి విజయవాడ ఆటోనగర్‌లో, బాలానగర్‌లో ఇద్దరు ముగ్గురితో నడిచే షెడ్ల మాటేమిటి? మన పిల్లల్లో ఎందరో లేత్ పట్టుకోవడం, వెల్డింగ్ చెయ్యడం నేర్చుకునేది అక్కడే. ఏ రిజిస్టరూ ఆ గుమ్మం దాకా వెళ్లదు.

నేను, నా విద్యార్థులు కొందరు ఇప్పుడు ఆ గుమ్మాల దగ్గరే తిరుగుతున్నాం. షెడ్డుకొక చీటీ ఇస్తున్నాం. ఖాళీ ఉందా, మొదటి రోజు ఏ పని చేయిస్తారు, హెల్పర్‌కి చేతికి ఎంత ఇస్తారు, మెషిన్ మీదికి ఎన్నాళ్లకు ఎక్కిస్తారు, క్రితంసారి కుర్రాడు ఎందుకు మానేశాడు. ఈ ఐదే ప్రశ్నలు. నిండిన చీటీలను దగ్గర్లోని ఐటీఐ నోటీసు బోర్డుకు పంపుతాం. మొదట్లో మేస్త్రీలు మమ్మల్ని లేబర్ ఆఫీసు వాళ్లనుకుని పంపించేశారు. ఇప్పుడు కూర్చోబెట్టి టీ ఇస్తున్నారు. అయినా జీతం గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. "అది మనిషిని చూశాక చెప్తామండి" అంటారు. నా ముప్పై ఏళ్ల వాదం మొత్తం ఆ ఆగిన పెన్ను దగ్గరే ఉంది. పిల్లవాడిని ఎన్నిసార్లు అరగదీసినా, కొలిచేవాడు తన కొలత బయటపెట్టకపోతే ఆ సందు పూడదు.

మాస్టారి దగ్గర నేర్చుకుని సొంత షెడ్లు పెట్టుకున్నవాళ్లు ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు. ఆయన ముక్కలు వెనక్కి ఇచ్చింది మిమ్మల్నీ, నన్నూ ఒకేలా నమ్మి. బయట బల్ల మీద చీటీలు, పెన్నులు పెట్టించాను. వెళ్లేముందు దయచేసి ఒక్కొక్కరూ ఒకటి నింపండి. జీతం గడి మాత్రం ఖాళీగా వదలకండి.