చదువు అబ్బని ఆడపిల్ల
(తునిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'చదువు అబ్బలేదు' అనే మాట మన ఇళ్ళల్లో చాలా తేలిగ్గా అనేస్తారు. మగపిల్లవాణ్ణి అలా అన్నాక ట్యూషను పెడతారు. ఆడపిల్లనైతే బడి మాన్పిస్తారు. ఆ పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకోవడానికో, మామిడికాయల సీజన్లో కూలికో పోతుంది. 'అంతా నీ పోలికే' అని తల్లికి కూడా ఓ మాట పడుతుంది.

డిస్లెక్సియా తెలివితక్కువతనం కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో జతపరచుకోవడంలో వచ్చే ఇబ్బంది. అమెరికాలోని కనెక్టికట్‌లో సాలీ షేవిట్జ్ బృందం చేసిన అధ్యయనం 1990లో వచ్చింది. బడులు గుర్తించిన వాళ్ళలో మగపిల్లలే బాగా ఎక్కువ. పిల్లలందరికీ పరీక్షపెట్టి చూస్తే ఆడామగా తేడా పెద్దగా లేదు! అల్లరి చేసేవాడు టీచరు కంట పడతాడు. పక్కపిల్ల పలకలో చూసి గుట్టుగా రాసుకునే అమ్మాయి పడదు.

తెలుగు పలికినట్టే రాస్తాం కనక ఇది ఇంగ్లీషు వాళ్ళ సమస్య అనుకోకండి. ప, ష, వ ఎంత దగ్గరగా ఉంటాయో చూడండి. 'పత్రిక'లో ర ధ్వని చెవికి త తర్వాత వినిపిస్తుంది. కంటికేమో ఆ ఒత్తు త కి ఎడమపక్క నుంచే చుట్టుకొస్తుంది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిసి వందల రూపాలు. ఇంపోజిషను వందసార్లు రాయించినా ఈ చిక్కు విడిపోదు.

ముందు నోటితో మొదలుపెట్టాలి. 'మా-మి-డి' అని చప్పట్లు కొట్టించి, 'మా తీసేస్తే ఏం మిగిలింది?' అని అడగాలి. తర్వాత రెండే అక్షరాలు, ఒకదాన్నొకటి పోలనివి. పైకి పలుకుతూ ఇసుకలో వేలితో దిద్దించాలి. అవి నిలిచాకే గుడి, కొమ్ము. ఒత్తులు చివర. రోజూ కొంచెంసేపు, నెలల తరబడి. మన వీధిబళ్ళలో ఇసుక ఉండేది, బెత్తం కూడా ఉండేది; ఇసుక చాలు.

1995 వికలాంగుల చట్టంలో ఈ పిల్లలు లేరు. 2016 చట్టం వీళ్ళను చేర్చింది. 2018 మార్గదర్శకాల ప్రకారం ధ్రువపత్రం కోసం పరీక్ష ఎనిమిదేళ్ళకు మొదలయ్యేది. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో 'డాలి' అనే పరీక్షా సాధనం తెచ్చినప్పుడు హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు ఉన్నాయి, తెలుగు లేదు. దీని గురించి మనం గట్టిగా అడగలేదు. ధ్రువపత్రం హక్కుల కోసం కావాలి. నేర్పడానికి దానికోసం ఆగక్కర్లేదు.

ఇకమీద సర్వేకి వెళ్ళినప్పుడు, బడి మానిన పిల్ల పేరు పక్కన 'ఆసక్తి లేదు' అని రాసే ముందు కాసేపు కూర్చోండి. ఆమెచేత ఓ కథ చెప్పించండి. అదే కథలోంచి నాలుగు మాటలు రాయించండి. ఎన్నేళ్ళు బడికెళ్ళిందో, చూపూ వినికిడీ ఎవరైనా పరీక్షించారో లేదో తల్లిని అడిగి, అప్పుడు కారణం రాయండి.