కొండపల్లి కోటలో మన పేరెక్కడ?

 

మొన్న మనమంతా విజయవాడ నుంచి కొండపల్లి కోటకు వెళ్లొచ్చాం కదా. యానాది, ఎరుకల, లంబాడీ పిల్లలు ఒకే బండిలో ఎక్కి పాటలు పాడుకుంటూ వెళ్లడమే ఒక పండగ. ఆ రాత్రి మన వాట్సాప్ గ్రూపులో ఒక తమ్ముడు "ఈ కోట కట్టింది మన తాతలే" అని పెట్టాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఇవాళ ఆ మాట గురించే మాట్లాడుకుందాం.

ఆ కోట 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల కాలంలో వెలిసింది. తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు ఏలారు. 1766లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. రాజులందరి పేర్లూ దొరుకుతాయి. ఆ ద్వారాల రాళ్లు కొండెక్కించిన వాళ్ల పేరు ఒక్కటీ దొరకదు. వాళ్లు మనవాళ్లేనని చెప్పడానికి మన దగ్గర ఆధారం లేదు. లేని గొప్ప చెప్పుకుంటే, రేపు మనం ఉన్నమాట చెప్పినా ఎవరూ నమ్మరు.

అయితే ఒక పేరు మాత్రం మిగిలింది. కొండడు అనే గొర్రెల కాపరి రాజుకు ఈ చోటు చూపించాడనీ, అతని పేరు మీదే కొండపల్లి అయిందనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నిజమో కథో గానీ, దారి తెలిసినవాడి పేరు ఊరికి నిలిచిందంటే మనకు బాగుంది.

మనతో వచ్చిన పెద్దమ్మను గుర్తు చేసుకోండి. మనం మహల్ గోడల దగ్గర సెల్ఫీలు దిగుతుంటే ఆవిడ చెట్ల వైపే చూసింది. తెల్ల పొణికి చెట్టు గుర్తుపట్టింది. కొండపల్లి బొమ్మలు చేసేది ఆ తేలిక కర్రతోనే. ఏ ఆకు దేనికి పనికొస్తుందో, ఏ దుంప ఎప్పుడు తవ్వాలో వరసగా చెప్పుకుంటూ పోయింది. చేతిలో ఫోనుండి కూడా ఒక్కరం రికార్డు చేయలేదు. పైగా మనవాడే ఒకడు గోడ మీద రాయితో పేరు గీకబోతే, ఆవిడే చెయ్యి పట్టుకుని ఆపింది.

వచ్చే నెల మళ్లీ వెళదాం. కొండపైకి రోడ్డుంది, ముసలివాళ్లు నడవక్కర్లేదు. మీ ఇంట్లోంచి అమ్మమ్మనో తాతనో ఒకరిని వెంటపెట్టుకు రండి. ఫోను నిండా ఛార్జింగ్ పెట్టుకోండి. వాళ్లు చెట్టు పేరు ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాసుకుందాం.